బిగోస్ సరుకులకు స్తారీ క్లెపాష్: క్రాకోవ్ సంతపై ఒక సమీక్ష

పులిసిన క్యాబేజీ, మాంసం కలిపి ఉడికించే పోలండ్ కూర బిగోస్‌ను ఇంట్లో వండాలని పూనుకున్నవారు వండే పద్ధతి కోసమే ఎక్కువగా వెదుకుతారు గానీ, ఆ వంటకం రుచి సగానికి పైగా సరుకులు కొనే చోటే తేలిపోతుంది. పొయ్యి మీద దానికి కావలసింది మందపాటి గిన్నె, సన్న సెగ, తొందరపడని మనిషి. అంతకు మించిన నేర్పేమీ అక్కరలేదు. పులిసిన క్యాబేజీలో పులుపు సరిగా లేకపోయినా, పొగబెట్టిన మాంసంలో పొగ వాసన పైపైనే ఉన్నా, ఎండు పుట్టగొడుగులు పాతవైనా, ఎంతసేపు ఉడికించినా ఆ లోపం తీరదు. అందుకే పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో నేను బిగోస్ సరుకులు కొనే స్తారీ క్లెపాష్ సంత గురించి, అక్కడ కొన్నవి ఇంటి పొయ్యి మీద ఎలా నిలబడతాయో చెబుతూ ఈ సమీక్ష రాస్తున్నాను.

పాత నగరానికి ఉత్తరాన, బార్బకాన్ బురుజు దాటి కొద్ది నిమిషాలు నడిస్తే ఈ సంత వస్తుంది. క్లెపాష్‌ను 1366లో మూడవ కాజిమీష్ రాజు విడి పట్టణంగా నెలకొల్పాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అది క్రాకోవ్‌లో కలిసిపోయింది గానీ అంగడి మాత్రం ఆగలేదు. పైకప్పు వేసిన ఇరుకు వరుసల్లో కూరగాయలు, పండ్లు, జున్ను, మాంసం, ఊరగాయ పీపాలు, పూలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. పర్యాటకుల రద్దీ ఉండే ప్రధాన కూడలి ఇంత దగ్గర ఉన్నా, ఇక్కడ సంచులు పట్టుకుని తిరిగేవారిలో ఎక్కువమంది ఇంటి వంటకు కొనుక్కునే నగరవాసులే. బిగోస్‌కు కావలసిన డజను సరుకులూ రెండు వందల అడుగుల లోపు దొరికే మరో చోటు ఈ నగరంలో నాకు తెలియదు.

బిగోస్ అంటే పులిసిన క్యాబేజీ, పచ్చి క్యాబేజీ, రెండు మూడు రకాల మాంసం, పొగబెట్టిన సాసేజీ, ఎండు పుట్టగొడుగులు, ఎండు ప్లమ్ పండ్లు కలిపి గంటల తరబడి ఉడికించే చిక్కని కూర. పోలండ్‌లో దీన్ని జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. అయితే 1682లో ఇదే క్రాకోవ్‌లో అచ్చయిన, పూర్తిగా మనకు దక్కిన తొలి పోలిష్ వంట పుస్తకంగా చెప్పే గ్రంథంలో బిగోస్ పేరుతో ఉన్న వంటకాల్లో క్యాబేజీ ఊసే లేదు. సన్నగా తరిగిన మాంసమో చేపో తీసుకుని, నిమ్మకాయ, వెనిగర్ వంటి వాటితో పులుపు పట్టించేవారు. ఆ ఖరీదైన పులుపుల స్థానంలోకి తరువాతి శతాబ్దంలో చవకైన పులిసిన క్యాబేజీ వచ్చింది, క్రమంగా గిన్నెలో మాంసం కంటే ఎక్కువ చోటు అదే ఆక్రమించింది. ఈ చరిత్ర తెలిస్తే కొనేటప్పుడు దేన్ని ముందు చూడాలో అర్థమవుతుంది: క్యాబేజీ బిగోస్‌లోకి వచ్చిందే పులుపు కోసం, కాబట్టి పులుపు బాగా లేని క్యాబేజీకి ఈ గిన్నెలో పని లేదు.

స్తారీ క్లెపాష్‌కు నేను పూర్తి మార్కులు వేసేది ఈ విషయంలోనే. కపూస్తా కిషోనా అని పిలిచే పులిసిన క్యాబేజీని ఇక్కడ పీపాల్లోంచి తూచి అమ్ముతారు, అడిగితే చిటికెడు తీసి అరచేతిలో పెడతారు. ఆ చిటికెడు నమిలి చూడడమే అసలు పరీక్ష. మంచి క్యాబేజీ ఎండుగడ్డి రంగులో, కొద్దిగా మెరుస్తూ ఉంటుంది. పళ్ల కింద కరకరలాడుతుంది. పులుపు నాలుక పక్కల నుంచి మెల్లగా లేచి చాలాసేపు నిలుస్తుంది. వెనిగర్ వేసి తొందరగా పుల్లబరచినదైతే నోట్లో పెట్టుకోగానే ముక్కుకు ఘాటు తగిలి, మరుక్షణం రుచి ఖాళీ అయిపోతుంది. రసం కొద్దిగా మసకగా ఉండడం మంచి లక్షణమే, అది లాక్టిక్ ఆమ్లం పుట్టించే సూక్ష్మజీవులు పనిచేశాయనడానికి గుర్తు. ఉప్పు సుమారు 2 శాతం, క్యాబేజీ సొంత నీరు, కొన్ని వారాల సమయం తప్ప ఈ పులియబెట్టడానికి ఇంకేమీ అక్కరలేదు. సూపర్‌మార్కెట్ పొట్లం కొనక తప్పనప్పుడు వెనుక చీటీ చదవాలి: క్యాబేజీ, ఉప్పు, క్యారట్ ఉంటే సరే, వెనిగర్, సిట్రిక్ ఆమ్లం, నిల్వ పదార్థాలు కనిపిస్తే అక్కడే వదిలేయడం మేలు.

క్రాకోవ్‌కు ఉత్తరాన ఉన్న హర్ష్నిత్సా ప్రాంతం క్యాబేజీ సాగుకు పేరుబడ్డది, పోలండ్ క్యాబేజీ రాజధాని అని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడి సరుకు ఈ సంతకు వస్తుంది, అడిగితే అమ్మేవారే చెబుతారు. క్యారట్ తురుము కలిపినది, కలపనిది రెండూ ఉంటాయి. బిగోస్‌కు కలపనిదే తీసుకోవాలని నా సలహా, ఎందుకంటే ఎండు ప్లమ్‌లు, ఉల్లిపాయ ఇచ్చే తీపి చాలు, క్యారట్ తీపి తోడైతే పులుపు మొద్దుబారుతుంది. కొన్నప్పుడు రసం కూడా పోయమని అడగడం మరవకూడదు. ఆ రసం తరువాత ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

మాంసం కొట్ల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది. బిగోస్‌కు లేత, కొవ్వులేని ముక్కలు పనికిరావు. గంటల తరబడి ఉడికితే అవి పీచుపీచుగా, పొడిగా తయారవుతాయి. పంది జబ్బ మాంసం, దాన్ని ఇక్కడ వొపాత్కా అంటారు, లేదా మెడ మాంసం, దాన్ని కర్కూఫ్కా అంటారు, ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. వాటిలోని కొలాజెన్ అనే మాంసకృత్తు నెమ్మదిగా జెలటిన్‌గా మారి, రసానికి పెదవులకు అంటుకునే చిక్కదనం ఇస్తుంది. దానికి తోడు కూరకు వాడే గొడ్డు మాంసం కొంత, పొగబెట్టిన బోచెక్ అనే పొట్ట మాంసం కొంత కావాలి. ఇక్కడి కొట్లలో నాకు నచ్చిన విషయం, బిగోస్ కోసం అని ఒక్క మాట చెబితే అమ్మేవారు తామే ముక్క మార్చి ఇవ్వడం. ఒకసారి నేను చూపించిన బోచెక్ పక్కన పెట్టి, కొవ్వు పొరలు ఎక్కువున్న మరో పలకను కోసి, కత్తి మొనతో ఆ పొరలు చూపించి మరీ తూచారు. పాత పద్ధతిలో జింక, అడవి పంది వంటి వేట మాంసం కూడా వేస్తారు. వేట మాంసం కోసం మాత్రం ఈ సంత మీద ఆధారపడలేము, అది విడిగా వెదుక్కోవలసిందే.

సాసేజీ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. క్రాకోవ్ చుట్టుపక్కల గర్వకారణం లిషెట్స్కా సాసేజీ. నగరానికి పడమరన లీష్కి, చెర్నీహుఫ్ ప్రాంతాల్లో మాత్రమే తయారయ్యే దీనికి 2010లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు దక్కింది. పెద్ద పెద్ద మాంసపు తునకలు, వెల్లుల్లి, కట్టెల పొగ వాసన కలిసిన అద్భుతమైన సరుకు అది, కానీ దాన్ని బిగోస్‌లో వేయడం దండగ. పుల్లటి క్యాబేజీలో రెండు గంటలు ఉడికేసరికి దాని సున్నితమైన రుచి మాయమవుతుంది. గిన్నెలోకి యవొఫ్త్సోవా అనే, జునిపర్ గింజల వాసన ఉండే ముదురు రంగు సాసేజీ గానీ, బాగా పొగబెట్టిన మామూలు పల్లెటూరి సాసేజీ గానీ వేసి, లిషెట్స్కాను కూరలో వేయకుండా రొట్టెతో అలాగే తినడం దానికిచ్చే సరైన గౌరవం. ఇక్కడే ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఒక కొట్టులో లిషెట్స్కా అని చెప్పి నాకు అమ్మిన దానిపై గుర్తింపు చీటీ లేదు, ఇంటికి తెచ్చి కోస్తే లోపల మాంసం అంతా మెత్తగా రుబ్బి ఉంది. పేరున్న సరుకు కొనేటప్పుడు చీటీ చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఎండు పుట్టగొడుగులు ఈ సంతలో చూడవలసిన దృశ్యం. దారానికి గుచ్చి దండలుగా వేలాడదీసినవి, పొట్లాల్లో కట్టినవి, గాజు సీసాల్లో నింపినవి, అన్నీ ఉంటాయి. శ్రేష్ఠమైనది బొరోవిక్, దాని కిలో ధర వందల జ్వోటీలలో (పోలండ్ డబ్బు) ఉంటుంది కాబట్టి 50 గ్రాములో 100 గ్రాములో కొనుక్కుంటారు. బిగోస్‌కు 30, 40 గ్రాములు చాలు కనుక ఆ ఖర్చు చూసి భయపడనవసరం లేదు. పోలండ్‌లో అడవి పుట్టగొడుగులు అమ్మాలంటే వాటిని గుర్తుపట్టగల అర్హత ఉన్న నిపుణుల ధ్రువపత్రం ఉండాలి, నమ్మకమైన కొట్టువారు దాన్ని అడిగిన వెంటనే చూపిస్తారు. ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పురుగు తొలిచిన సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. పొట్లం అడుగున గోధుమరంగు పొడి ఎక్కువగా పేరుకుంటే అది పాత సరుకు.

ఎండు ప్లమ్ పండ్లలో ఈ ప్రాంతానికి ఉన్న అదృష్టం మరెక్కడా లేదు. లిమనోవా దగ్గరి కొండ పల్లెల్లో ప్లమ్‌లను రోజుల తరబడి కట్టెల పొగలో ఆరబెట్టి చేసే సూస్కా సెహ్లోన్‌స్కాకు కూడా 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లగా, ముడతలు పడి, పిక్కతో సహా ఉండే ఈ పండు చూడడానికి ఏమంత ఆకర్షణగా ఉండదు. గిన్నెలో వేస్తే మాత్రం తీపితో పాటు పొగ రుచిని కూడా ఇచ్చి, పులుపునూ మాంసాన్నీ ఒకచోటికి తెస్తుంది. మామూలు పిక్కలేని ఎండు ప్లమ్‌లు వేసినా బిగోస్ అవుతుంది, కానీ సూస్కా వేసిన గిన్నె పక్కన దాన్ని పెడితే తేడా మొదటి చెంచాలోనే తెలుస్తుంది. జునిపర్ గింజలు, ఆల్‌స్పైస్, బే ఆకు, మర్జోరం వంటి దినుసులు సంతలోనే కొనాలన్న నియమం లేదు, ఎక్కడ కొన్నా పెద్ద తేడా ఉండదు.

ఇంట్లో నేను వాడే కొలతలు 8 నుంచి 10 మందికి సరిపోతాయి: పులిసిన క్యాబేజీ 1 కిలో, పచ్చి క్యాబేజీ 700 గ్రాములు, పంది జబ్బ మాంసం 500 గ్రాములు, గొడ్డు మాంసం 300 గ్రాములు, బోచెక్ 200 గ్రాములు, సాసేజీ 300 గ్రాములు, పుట్టగొడుగులు 30 గ్రాములు, ప్లమ్‌లు 120 గ్రాములు, రెండు ఉల్లిపాయలు, ఎర్ర వైన్ 200 మిల్లీలీటర్లు, 6 జునిపర్ గింజలు, 5 ఆల్‌స్పైస్ గింజలు, 3 బే ఆకులు, మిరియాలు. పుట్టగొడుగులను ముందు రాత్రే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పలుచని గుడ్డలో వడగట్టి ఉంచుకోవాలి. అడుగున ఇసుక ఉంటుంది, ఒక్క రేణువు గిన్నెలో పడినా తినేటప్పుడు పళ్లకు తెలుస్తుంది. గిన్నె ఎనామిల్ పూత ఉన్నదో స్టీలుదో అయి ఉండాలి. అల్యూమినియంలో గానీ పూత లేని ఇనుములో గానీ ఇంత పులుపు గంటల కొద్దీ ఉడికితే లోహపు రుచి దిగుతుంది.

మాంసం ముక్కలను బోచెక్ కొవ్వులో ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ఉల్లిపాయ వేసి, వైన్ పోసి గిన్నె అడుగున అంటినదంతా గీకి కలపాలి. పచ్చి క్యాబేజీని మాత్రం విడిగా నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించిన తరువాతే పులిసిన దానితో చేర్చాలి. ఈ సంగతిని చాలా వంట విధానాలు పట్టించుకోవు. ఆమ్లం ఉన్నచోట క్యాబేజీని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం సులువుగా కరగదు కనుక, పచ్చి క్యాబేజీని నేరుగా పుల్లటి రసంలో వేస్తే ఎంత ఉడికించినా కొంత బిరుసుగానే మిగిలిపోతుంది. పులిసిన క్యాబేజీని కడగవద్దు. గట్టిగా పిండి, కత్తితో రెండు మూడు చోట్ల కోసి వేస్తే చాలు. పిండిన రసాన్ని, సంతలో అడిగి తెచ్చిన రసాన్ని ఒక గాజు సీసాలో పోసి ఉంచాలి. చివరి రోజు రుచి చూసి, తీపి పైకి తేలినట్టనిపిస్తే ఆ రసమే నాలుగు చెంచాలు పోసి సరిచేయవచ్చు. నిమ్మరసంతో గానీ వెనిగర్‌తో గానీ అంత సహజమైన పులుపు రాదు. ఉప్పు కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే క్యాబేజీ, సాసేజీ, బోచెక్ మూడింటిలోనూ ఉప్పు ఉంది.

మొదటి రోజు 2 గంటలు మూత కొద్దిగా తెరిచి సన్న సెగ మీద ఉడికిస్తే అది తినదగిన కూరే, కానీ ఇంకా బిగోస్ కాదు. క్యాబేజీ ఒక రుచి, మాంసం ఒక రుచి, ప్లమ్ మరో రుచిగా వేరువేరుగా తెలుస్తాయి. చల్లారిన తరువాత ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు గంటసేపు మళ్లీ కాచి, సాసేజీ, ప్లమ్‌లు అప్పుడు వేసి, మూడో రోజు మరోసారి కాస్తే రంగు ముదిరి రాగి ఛాయ దాటి గోధుమలోకి వస్తుంది, రసం దాదాపు కనిపించకుండా క్యాబేజీ పోగులకు పట్టుకుంటుంది. గరిటె నిలబెట్టి తీస్తే అది చేసిన గుంట వెంటనే పూడకపోవడమే సరైన పాకం. శీతాకాలంలో గిన్నెను రాత్రిళ్లు బాల్కనీలో గడ్డకట్టనిచ్చి, ఉదయం లోపలికి తెచ్చి కాచడం పోలిష్ ఇళ్లలో పాత అలవాటు. గడ్డకట్టి కరిగినప్పుడు క్యాబేజీ కణాలు విచ్చుకుని రసం మరింతగా ఇంకుతుంది. బయట నిలకడగా నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నప్పుడు మాత్రమే అది సరి, ఎండ కాసే రోజున ఫ్రిజ్‌నే నమ్ముకోవాలి.

ఇంత శ్రమ ఎందుకు, సీసాల్లో తయారుగా దొరుకుతుంది కదా అనేవారికి నా సమాధానం ఇది. దుకాణాల్లో అమ్మే సీసా బిగోస్‌లు కొన్నింటిని రుచి చూశాను. వాటిలో క్యాబేజీ పాలు ఎక్కువ, మాంసం పాలు తక్కువ, టమాటా గుజ్జు తీపి అన్నింటి మీదా పరుచుకుని ఉంటుంది. ఆకలి వేళకు సరిపోతాయి తప్ప పొగ, పులుపు, పుట్టగొడుగుల వాసన అనే మూడింటిలో ఏదీ వాటిలో స్పష్టంగా పలకదు. బార్ మ్లెచ్నీ అనే చవక భోజనశాలల్లో పెట్టే బిగోస్ వాటికంటే చాలా మెరుగు, అయితే అందులో సూస్కాను గానీ బొరోవిక్‌ను గానీ ఆశించలేము. ఆ ధరకు ఆశించడం న్యాయం కూడా కాదు.

సంతలో ఇబ్బందులు లేకపోలేదు. వరుసలు ఇరుకు, శనివారం పొద్దెక్కితే కదలడమే కష్టం. అందుకే ఉదయాన్నే వెళ్లాలి, ఆలస్యమైతే మంచి బోచెక్ పలకలు అయిపోతాయి. అన్నిచోట్లా కార్డు తీసుకోరు, నోట్లు చిల్లర దగ్గరుంచుకోవాలి. ఆదివారం సంత ఉండదు. 2018 నుంచి ఆదివారపు వ్యాపారంపై ఆంక్షలు ఉన్నందున చాలా ఆదివారాలు సూపర్‌మార్కెట్లు కూడా మూసే ఉంటాయి, కాబట్టి శనివారమే జాబితా అంతా పూర్తి చేసుకోవడం మేలు. క్రిస్మస్‌కు ముందు వారం పీపాల దగ్గర వరుస చాలా పొడవు. పండుగ ముందు రోజు రాత్రి భోజనంలో మాంసం ఉండదు గనుక బిగోస్ 25న, 26న తింటారు, అయినా మూడు రోజులు ముందే వండాలి కాబట్టి అందరూ ఒకే సమయంలో కొంటారు. రొట్టె కూడా అదే ప్రయాణంలో తీసుకోవచ్చు. క్రాకోవ్‌కే ప్రత్యేకమైన ప్రోండ్నిట్స్కి అనే పెద్ద రై రొట్టె దొరికితే అదే కొనాలి. దాని పుల్లని దళసరి ముక్క బిగోస్ పక్కన ఒదిగినట్టు తెల్ల రొట్టె ఒదగదు.

కొనడానికి సరైన కాలం అక్టోబరు చివరి నుంచి మార్చి వరకు. శరదృతువులో కొత్తగా పులిసిన క్యాబేజీ తేలిక పులుపుతో ఉంటుంది, పుట్టగొడుగులు ఆ ఏటివే దొరుకుతాయి. ఫిబ్రవరి, మార్చిలలో పులుపు బాగా ముదురుతుంది, అప్పుడు పచ్చి క్యాబేజీ పాలు 1 కిలో వరకు పెంచుకోవచ్చు. జూన్, జూలైలలో పీపాల అడుగున మిగిలిన క్యాబేజీ మెత్తబడి, కరకర పోయి ఉంటుంది. ఆ నెలల్లో బిగోస్ మాట పక్కనపెట్టి, అదే కొట్లలో గుట్టలుగా పోసి ఉండే లేత కొత్త క్యాబేజీని, సోయికూర కట్టను కొనుక్కుని వెన్నలో వండుకోవడం మంచిది.